వాడకంలో లోపం

సెట్టు మాస్టారికి మాటలంటే ప్రాణం. మామూలు మాటలు కావు. పలికితే చాలు, ఎదుటివాడి నోరు దానంతటదే మూతపడే మాటలు. నీటి సరఫరా ఆఫీసు వెనక, పాత పైపుల గోదాముకు ఆనించి కట్టిన గదిలో ఉంది ఆయన బల్ల. చేత్తో పట్టుకు తిరిగే మాట్లాడే సెట్లు, లారీల్లో బిగించేవి, కంట్రోలు రూములో కూర్చోబెట్టేవి, ఏది మూగబోయినా ఆ బల్ల మీదికే వస్తుంది. సెట్టుకు చెవుడు పట్టుకుందని ఎవరైనా తెచ్చి పెడితే, మాస్టారు కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, చెవుడు కాదు, సెన్సిటివిటీ తగ్గింది అనేవాడు. గొంతు కీచుమంటోందంటే, డీవియేషన్ పెరిగింది అనేవాడు. తెచ్చినవాడికి ఒక్క ముక్క అర్థం కాకపోయినా, రోగానికి అంత పెద్ద పేరుందంటే డాక్టరు గట్టివాడేనని నమ్మి వెళ్ళిపోయేవాడు. రిపేరు అంటేనే ఇంకోసారి పేరు పెట్టడమని మాస్టారి సిద్ధాంతం. మరమ్మత్తులో మర కొంత, మత్తు కొంత. ఆ మత్తంతా మాటలదే.

వాన వెలిసిన మర్నాడు ఆ బల్ల మీదికి గట్టక్క సెట్టు వచ్చింది.

ఊరికి ఎగువన, ఏటి గట్టు మీద ఉన్న రేకుల గదిలో గట్టక్క ఉద్యోగం. ఊరికి తాగునీరు తోడే గొట్టం మూతి అక్కడే ఏట్లో మునిగి ఉంటుంది. నీళ్ళను చూస్తూ కూర్చోవడం ఆమె పని. చెప్పుకోవడానికి ఎంత తేలిగ్గా ఉంటుందో చేయడానికి అంత బరువైన పని. నీళ్ళు రంగు తిరిగితే వెంటనే సెట్టు తీసి కంట్రోలు రూముకు చెప్పాలి. మోటారు ఆపే స్విచ్చి వాళ్ళ దగ్గరుంది, ఆమె దగ్గర లేదు. ఆ ఏటి వంపులో ఫోను పనిచేయదు. ఆమె చేతిలో ఉన్నదల్లా ఒక మాట.

ఆ మాటే రాలేదని ఇప్పుడు అభియోగం. ఎగువన కొండల్లో కురిసిన వానకు, తెల్లవారేసరికి ఏరు ఎర్రగా దిగింది. మోటారు ఆగలేదు. బురద వడపోత తొట్లలోకి, తొట్లలోంచి గొట్టాల్లోకి, గొట్టాల్లోంచి ఇంటింటి కుళాయిలోకి పాకింది. పిలిచాను, పిలుస్తూనే ఉన్నానంది గట్టక్క. సెట్టు కుయ్యనలేదు, కయ్యనలేదన్నాడు ఆ పూట కంట్రోలు రూములో ఉన్న షిఫ్టు సారు. ఆయన మాట కుర్చీలోంచి వచ్చింది, ఆమె మాట గట్టు మీంచి వచ్చింది. ఆఫీసుకు ఏది ముందు చేరుతుందో వేరే చెప్పాలా? ఆమెను పనిలోకి రావద్దన్నారు. కుళాయిలు ఊరి మీద జల్లిన బురదనంతా ఊరు ఆమె మీద జల్లింది. విచారణ పెట్టి, ముందుగా సెట్టు పరీక్షించి రాయమని మాస్టారికి పంపారు.

మాస్టారు బ్యాటరీ ఊడదీసి చూశాడు. అంచులకు కొంచెం చెమ్మ తగిలినట్టుంది గాని తుప్పు లేదు. మెత్తటి గుడ్డతో తుడిచాడు. యాంటెనా మర విప్పి, దాని చోట పరీక్ష తీగ బిగించి, తీగ రెండో కొసను డమ్మీ లోడుకు తగిలించాడు. డమ్మీ లోడు అంటే, సెట్టు ఎంత బలంగా అరిచినా ఆ అరుపంతా తానే మింగి, వేడెక్కి, ఊరుకునే డబ్బా. ఇంటి గొడవ వీధిలోకి పొక్కనివ్వని పెద్దకోడలు లాంటిది. మాస్టారు సెట్టును నోటికి బెత్తెడు దూరంలో పెట్టుకొని, మీట నొక్కి, పాటగాడిలా గొంతు సవరించుకొని, హలో అన్నాడు. మీటరు ముల్లు లేచి నిలబడింది. పవరు నిండుగా ఉంది. ఫ్రీక్వెన్సీ గీత దాటలేదు. డీవియేషన్ ఉండాల్సిన చోటే ఉంది. వాట్లకు లోటు లేదు. మరి పాట్లెందుకు వచ్చినట్టు?

అన్నీ బాగున్నప్పుడు రాయడానికి ఆయన దగ్గర ఒక మాట ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. సెట్టు మంచిదై, పని జరగకపోతే, మిగిలింది మనిషే కదా. "వాడకంలో లోపం" అని రాశాడు. అంతటితో ఆపితే కాగితం చిక్కిపోయినట్టు అనిపించి, ట్రాన్స్‌మిట్ మీటను పూర్తిగా నొక్కకుండా మాట్లాడటం వల్ల క్యారియర్ వెలువడలేదని కింద చేర్చాడు. క్యారియర్ అంటే మాటను గాలిలో మోసుకెళ్ళే తరంగం. సంతకం చేసి, దాని కింద ఒక గీత గీశాడు. గీత చాలా అందంగా వచ్చింది.

ఇంటికి వెళ్ళేసరికి ఆయన భార్య పెరట్లో తెల్ల దుప్పటిని పిండుతోంది. పిండిన కొద్దీ దుప్పటి టీ రంగుకు తిరుగుతోంది. గట్టు మీద కూర్చోబెడితే కునుకు తీసిన ఆ మహాతల్లి ఎవరో గాని, ఆవిడ ఇంట్లో బట్టలన్నీ తెచ్చి ఇందులోనే ముంచాలని ఆమె అంటోంది. మాస్టారికి ఉత్సాహం వచ్చింది. ఆ కేసు తేల్చింది తానేనని చెప్పాడు. సెట్టులో ఈషణ్మాత్రం లోపం లేదన్నాడు. ఈషణ్మాత్రం అన్న మాట ఆవిడకు బాగా నచ్చింది. ఆవిడ గోడ మీంచి పక్కింటావిడకు చెప్పింది, "మా ఆయనే పరీక్ష చేశారు వదినా, ఆవిడ అసలు పిలవనే లేదట." దీపాలు పెట్టే వేళకు ఆ మాట వీధి చివరి దాకా వెళ్ళింది. దానికి యాంటెనా కూడా అక్కర్లేకపోయింది.

మర్నాడు పెద్ద మేడం దగ్గర్నుంచి ఇంకో కబురు వచ్చింది. చెప్పిన సెట్టును చూశారు సరే, విన్న సెట్టును కూడా చూసి రాయమని. ఆఫీసులో ఆవిడ మాటే చివరి మాట. విచారణ నడిపేదీ ఆవిడే. న్యాయానికి రెండు చెవులుండాలని ఆవిడకు తోచినందుకు మాస్టారు మనసులోనే మెచ్చుకొని, పనిముట్ల సంచి భుజానికి తగిలించుకున్నాడు.

కంట్రోలు రూములో షిఫ్టు సారు కాళ్ళు బల్ల కిందికి చాపి కూర్చున్నాడు. తన షిఫ్టులో జరిగిన తప్పును ఇంకొకరి షిఫ్టుకు షిఫ్టు చేయగల నేర్పు వల్లే ఆ పేరు నిలిచిందని గిట్టనివాళ్ళు అంటారు. గిట్టేవాళ్ళు కూడా కాదనరు. మాస్టారిని చూసి ఆయన, ఏం చూస్తావో చూసుకో, టీ తాగి పో అన్నాడు. మాస్టారు గోడ వారనున్న పెద్ద సెట్టును ముందుకు లాగి, వెనక రేకు మూత నాలుగు మూలలా విప్పాడు. లోపల దుమ్ము పల్చగా పట్టి ఉంది. ఆ దుమ్ములో, ఒక చిన్న మర నెత్తి మీద ఎర్రటి చుక్క మిలమిల మెరుస్తోంది.

ఆ చుక్క ఆయనదే. ఏ మరనైనా సరిచేశాక అది కదలకుండా భార్య గోళ్ళ రంగు సీసాలోంచి ఒక చుక్క వేయడం ఆయన అలవాటు. మిగతా మరల మీద చుక్కలు పాతబడి, పెచ్చులూడి ఉన్నాయి. ఈ ఒక్కటే కొత్తది. మర చీలిక కుడివైపు కొసకంటా తిరిగి ఉంది. ఇక తిప్పడానికి చోటు లేదు.

స్క్వెల్చు మర అది. ఎవరూ మాట్లాడనప్పుడు సెట్టులో సుయ్యిమని ఒక రొద వస్తూ ఉంటుంది. ఆ రొద వినబడకుండా వాకిట్లో నిలబెట్టిన కాపలావాడే స్క్వెల్చు. మాట బలంగా వస్తే తలుపు తీస్తాడు. బలహీనంగా వస్తే, ఇదీ రొదేననుకొని తీయడు. కాపలావాడు ఎంత కఠినంగా ఉండాలో ఆ మర చెబుతుంది. కొంచెం బిగిస్తే ప్రశాంతం. కొసకంటా బిగిస్తే ఇక దూరపు చుట్టాలెవరూ గుమ్మం తొక్కలేరు.

మాస్టారి చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది. వానకు ముందు వారం షిఫ్టు సారు తలనొప్పిగా ఉందని, ఈ పాము బుసను ఆపి చావవయ్యా అని కబురు పెడితే, తానే ఈ కుర్చీ పక్కనే మోకాళ్ళ మీద కూర్చొని తిప్పాడు. ఇంకొంచెం అన్నాడు సారు. ఇంకొంచెం తిప్పాడు. ఇంకొంచెం అన్నాడు. ఎండ రోజుల్లో గట్టక్క మాట ఎలాగోలా ఆ తలుపు తోసుకొని వచ్చేది. వానకు ఏటి పొడవునా చెట్లు తడిసి బరువెక్కాక, సన్నగిల్లి వచ్చిన మాటను కాపలావాడు గుమ్మంలోంచే తరిమేశాడు.

అయినా అనుమానం తీరాలి కదా. చుక్కను గోటితో గీకి, మరను ఎడమకు తిప్పాడు. గదినిండా సుయ్యిమని రొద లేచింది. ఆ రొద మధ్యలో, ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టు ఒక గొంతు. గట్టక్కకు బదులు పంపిన మనిషిది. కంట్రోలూ, గట్టు మాట్లాడుతోంది, పొద్దున్నుంచి పిలుస్తున్నా, ఎవరూ పలకరేమిటి, నీళ్ళు తేటబడుతున్నాయి. విసుగు, విసుగులో కొంచెం భయం. ఆ గొంతు మళ్ళీ మళ్ళీ అదే చెబుతోంది.

షిఫ్టు సారు చాపిన కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు. ఆయన తెలివితక్కువవాడు కాడు. లేచి, వెళ్ళి, తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. మైకు అందుకొని గట్టు మనిషికి బదులు చెప్పి, మైకు కిందపెట్టి, చాలాసేపు దాని తీగను వేలికి చుట్టుకుంటూ నిలబడ్డాడు.

"చూడు మాస్టారూ," అన్నాడు చివరికి, "చెప్పింది నా నోరు, తిప్పింది నీ చెయ్యి. నోటికి గుర్తులుండవు. చేతికుంటాయి."

ఆయన చూపు ఎర్రచుక్క పెచ్చుల మీద ఉంది. మాస్టారు మరను ఉండాల్సిన చోటికి తెచ్చాడు. సన్నటి మాట కూడా దూరి రాగలిగేంత సందు ఉంచి, దాని మీద కొత్త చుక్క వేశాడు. చుక్క ఆరేదాకా నోటితో ఊదుతూ కూర్చున్నాడు. తప్పును సరిదిద్దాడు గాని, తప్పును చెప్పలేదు. కాగితం మీద "కంట్రోలు రూము సెట్టు సవ్యంగా ఉన్నది" అని రాశాడు. ఉన్నది అంటే ఉన్నదే కదా, అబద్ధమేముంది? ఇంతకు ముందు ఎలా ఉండేదో ఎవరూ అడగలేదు. ఈసారి సంతకం కింద గీత గీయలేదు. టీ చల్లారి, పైన మీగడ కట్టింది. దాన్ని వదిలేసి వచ్చేశాడు.

ఆ సాయంత్రం భార్య మళ్ళీ మహాతల్లి పురాణం మొదలుపెడితే, ఇక చాలు అన్నాడు. ఎందుకు చాలని ఆవిడ అడిగింది. మీరే కదా తేల్చారు అంది. నిజమే. తేల్చింది తాను, మునిగింది ఆమె. అన్నం ముందు కూర్చొని, ముద్ద కలిపి, అది నోటికి అందే దారి మరిచిపోయినవాడిలా ఉండిపోయాడు. సిగ్నలు ఎంతుందో చూపే మీటర్లు ఆయన బల్ల మీద చాలా ఉన్నాయి. సిగ్గు ఎంతుందో చూపేది ఒక్కటీ లేదు.

విచారణకు ముందురోజు మధ్యాహ్నం గదిలోకి వెలుగు తగ్గినట్టయి మాస్టారు తలెత్తి చూశాడు. గుమ్మంలో గట్టక్క నిలబడి ఉంది.

ఆమెను ఆయన ఎప్పుడూ దగ్గరగా చూసి ఎరగడు. గొంతు మాత్రం తెలుసు. గట్టు మీంచి పలికితే సెట్టు రేకు అదిరేంత గట్టి గొంతు. మనిషి మాత్రం బక్కగా ఉంది. గాలికీ ఎండకూ కమిలిన మొహం, అడ్డంగా మడిచి బిగించుకున్న కొంగు. కుడిచేతి బొటనవేలికి గుడ్డపేలిక చుట్టుకుంది. చేతిలో మడతలు పడ్డ కాగితం. అది తాను రాసిన రిపోర్టు నకలని మాస్టారు దూరం నుంచే పోల్చుకున్నాడు. అందమైన గీత నకల్లో ఇంకా నల్లగా వచ్చింది.

ఆయన స్టూలు లాగి వేశాడు. ఆమె కూర్చోలేదు. తిట్టడానికి వచ్చిందనుకొని ఆయన మెడ ముందుకు వంచి సిద్ధంగా ఉన్నాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

ఆమె తిట్టలేదు. తప్పు ఒప్పుకుంటే పనిలోంచి తీసేయకుండా తొట్లు కడిగే పనికి మారుస్తామని షిఫ్టు సారు కబురు పంపాడట. ఒప్పుకోకపోతే ఇంటికే. ఇంట్లో అందరూ ఒప్పుకోమనే అంటున్నారట. వీధి కుళాయి దగ్గర ఆమె బిందె పెడితే పక్క బిందెలు జరుగుతున్నాయట. ఇదంతా ఆమె వేరే ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పుకుపోయింది.

"నాకైతే పిలిచినట్టే గుర్తు మాస్టారూ," అంది. "నొక్కీ నొక్కీ వేలు కూడా వాచింది. కాని మిషను అబద్ధం చెప్పదు కదా. మీరు అన్నీ కొలిచి రాశారాయె. ఆ వానలో, ఆ గాభరాలో మీట సగమే నొక్కానేమో. పిలిచాననుకున్నానేమో."

అంటూ పేలిక మీద ఎడమచేత్తో మెల్లిగా రాసుకుంది. పేలిక అంచు పక్కకు తప్పుకుంటే గోరు కనబడింది. నేరేడు పండు రంగులో ఉంది. సగమే నొక్కిన వేలు అలా కమలదు. సెట్లు బాగుచేసేవాడికి ఆ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. మీట అడుగుదాకా దిగి, ఇక దిగలేక, తిరిగి వేలినే నొక్కిన గుర్తది.

మాస్టారు నోరు తెరిచాడు. షిఫ్టు సారు మాట గుర్తొచ్చింది. తన చెయ్యి గుర్తొచ్చింది. నోరు మూశాడు.

"మీ దగ్గరికి ఒక పని మీద వచ్చాను," అని ఆమె కాగితం విప్పి బల్ల మీద పరిచింది. "ఇందులో మాటలు నాకు నోరు తిరగడం లేదు. మా ఇంటాయన చదివి పెట్టాడు గాని ఆయనకూ తిరగలేదు. రేపు అంతమంది ముందు తప్పు ఒప్పుకునేటప్పుడు మళ్ళీ తప్పు పలికితే, అదొక తప్పవుతుంది. కాస్త నేర్పండి మాస్టారూ."

గోదాములో ఎవరో పైపు దొర్లించారు. ఆ చప్పుడు ఆగేదాకా మాస్టారు కాగితాన్నే చూస్తూ ఉన్నాడు. తరవాత, ఎందుకో ఆయనకే తెలియదు, వేలు ఆ మాట కింద పెట్టి, ట్రాన్స్‌మిట్ అన్నాడు.

ఆమె ట్రాన్సుమీటు అంది. మీటే కదా, అందుకే మీటు అనుకున్నానని నవ్వబోయి మానుకుంది. కాదమ్మా, మిట్, అని ఆయన దిద్దాడు. దిద్దాడు! బడిపంతులులా, పెదాలు ఎలా పెట్టాలో చూపించి మరీ దిద్దాడు. క్యారియర్ అన్నాడు. ఆమె కేరియరు అంది. అన్నం కేరియరు తెలుసు కాబట్టి అది తొందరగానే పట్టుబడింది. పూర్తిగా నొక్కకుండా మాట్లాడటం వల్ల. వెలువడలేదు. ఆమె కళ్ళు మూసుకొని, కింది పెదవి కదిలిస్తూ, తన మీద మోపిన నేరాన్ని ఎక్కాల్లా వల్లె వేసింది. బాగా వచ్చిందా అని అడిగింది. వచ్చిందన్నాడు.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, మీ మేలు మరిచిపోనంది. అన్నింటికన్నా ఆ మాటకే మాస్టారు కూర్చున్నచోటే కుంగిపోయాడు. ఆమె వెళ్ళాక టంకం వేసే ఇనుమును వేడి చేసి, ఏ తీగా అతకకుండా, అది పొగలు కక్కుతుంటే చూస్తూ కూర్చున్నాడు.

విచారణ జరిగింది ఆఫీసు మేడ మీది గదిలో. పొడుగాటి బల్ల. బల్లకు అటు పెద్ద మేడం, పక్కన రాసుకునే గుమాస్తా. ఇటు షిఫ్టు సారు, మాస్టారు. చివర్న, కుర్చీ అంచున, గట్టక్క. అందరి ముందూ గ్లాసుల్లో నీళ్ళు పెట్టారు. ఇంకా లేత మట్టి రంగు ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. నీటి సరఫరావాళ్ళకు కూడా నీళ్ళు నమలడమే తప్ప తాగే ధైర్యం లేకపోయింది.

మేడం ముందుగా మాస్టారిని చెప్పమంది. మాస్టారు లేచాడు. తెల్లవార్లూ ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చి ఉన్నాడు. చెప్పేస్తాడు. అయితే తనకు తెలిసిన భాషలో చెబుతాడు. బేస్ రిసీవరు స్క్వెల్చ్ థ్రెషోల్డు మితిమీరి ఉన్నందున, వర్షంలో పాత్ లాస్ పెరిగిన కారణంగా, దూరపు సిగ్నలు గేటును తెరవలేని పరిస్థితి సంభవించే అవకాశాన్ని తోసిపుచ్చలేమన్నాడు. ఒక్క అబద్ధం లేదు. మొత్తం నిజమే. గుమాస్తా కలం మొదటి మాట దగ్గరే ఆగింది. మేడం కనుబొమలు దగ్గరికి వచ్చి, మళ్ళీ విడిపోయాయి.

"అంటే మీరు రిపోర్టులో రాసిందే కదా మాస్టారూ? సెట్లు రెండూ బాగున్నాయి."

షిఫ్టు సారు తల ఊపాడు. గుమాస్తా అదే రాసుకున్నాడు. మాస్టారికి ఒక్క క్షణం ఎంత హాయి అనిపించిందో చెప్పలేం. చెప్పానన్న తృప్తి ఉంది, వినలేదన్న లాభమూ ఉంది. దేవుడి ముందు చెప్పుకోవడానికి ఒకటి, కడుపు నింపుకోవడానికి ఒకటి. మెల్లిగా కూర్చున్నాడు. కుర్చీ కూడా మెత్తగానే ఉంది.

అప్పుడు మేడం గట్టక్కను పిలిచింది. ఆమె లేచి నిలబడి, పేలిక చుట్టిన వేలిని రెండో చేత్తో కప్పుకుంది. ఊరి చివర నుంచి ఊరి నడిబొడ్డు దాకా పలికే గొంతు గది అవతలి గోడ దాకా కూడా రాలేదు. "ట్రాన్స్‌మిట్ మీటను," అంది. సరిగ్గా పలికింది. మాస్టారు చెప్పిన చోటే ఊపిరి ఆపింది. పలికాక, సరిగ్గా వచ్చిందా అన్నట్టు ఆయన వైపు చూసింది.

ఆ చూపును తట్టుకునే కాపలావాడెవడూ మాస్టారి లోపల లేడు.

"ఆగండమ్మా," అన్నాడు ఆయన. లేచినట్టు ఆయనకే తెలియలేదు. "ఆ మాట అనకండి. అది మీ మాట కాదు, నాది. మేడమ్, ఈవిడ పిలిచింది. వేలు నల్లబడేదాకా పిలిచింది. వినే పెట్టెకు చెవి నేను మూసేశాను. వానకు ముందు వారం కంట్రోలు రూములో రొదగా ఉందంటే, ఒక మర కొసకంటా తిప్పేశాను. రొద ఆగింది, దాంతోపాటు ఈవిడ మాటా ఆగింది. మొన్న చూసి, చప్పుడు చేయకుండా సరిచేశాను. ఎవరికీ చెప్పలేదు."

ఇందులో ఒక్క పెద్ద మాట లేదు. గుమాస్తా కలం ఎక్కడా ఆగకుండా రాసుకుపోయింది. గదిలో ఉన్న ప్రతివాళ్ళకూ ప్రతి ముక్కా అర్థమైంది. మాస్టారి బతుకులో అదే మొదటిసారి.

రొదగా ఉందని ఎవరన్నారని మేడం అడిగింది. షిఫ్టు సారు పైన తిరుగుతున్న ఫ్యాను రెక్కలను ఒక్కొక్కటిగా పరీక్షిస్తున్నాడు. మాస్టారు ఆయన వైపు చూడలేదు. ఎవరన్నా, తిప్పింది తానేనన్నాడు. మేడం ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. గ్లాసును కొంచెం పక్కకు జరిపింది. గట్టక్క ఈ పూటే పనిలో చేరవచ్చునంది. మాస్టారిని మళ్ళీ రిపోర్టు రాసి ఇమ్మంది, ఇప్పుడు నోటితో చెప్పినట్టే రాయమంది. కంట్రోలు రూమువాళ్ళ సంగతీ, ఆయన సంగతీ తరవాత చూద్దామంది. ఆ తరవాత అనేది ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. అయినా ఆ క్షణాన దాని గురించి భయం వేయలేదు. గట్టక్క గట్టెక్కింది, చాలు అనుకున్నాడు. లోపల ఎక్కడో, పాడు అలవాటు, ఆమె ఇప్పుడు తనకు దండం పెడుతుందేమో, పెడితే వద్దమ్మా అనాలి అని కూడా అనుకున్నాడు.

మెట్ల దగ్గర ఆమె ఆయన కోసం ఆగింది. దండం పెట్టలేదు. మొహంలో సంతోషం ఉండాల్సిన చోట ఇంకేదో ఉంది. లెక్క తప్పిన చోటు వెతుకుతున్నట్టు ఆయన మొహాన్ని వెతికింది.

"నిన్న నేను వచ్చినప్పటికి మీకు తెలుసా?" అంది.

మాస్టారి నాలుక చివరికి ఒకటి కాదు, పది మాటలు వచ్చాయి. అన్నీ పెద్దవే. ఒక్కటీ పలకలేదు. తల ఊపాడు.

"తెలిసే నేర్పారా?"

మళ్ళీ తల ఊపాడు. మెట్ల కింద ఎవరో మాట్లాడుకుంటూ వెళ్ళారు. ఆమె గుడ్డపేలిక విప్పి, మళ్ళీ చుట్టుకొని, పంటితో ముడి బిగించింది.

"రాత్రంతా చదువుకున్నాను," అంది. "మా అత్తగారు పక్కన కూర్చొని అప్పజెప్పించుకున్నారు. తప్పు పోయిన చోట ఆవిడే అందించారు. పొద్దున వస్తుంటే, మంచిదే అయింది, ఒప్పుకుంటే పోతుంది, ఇంకెప్పుడూ నిద్రపోకమ్మా అన్నారు. నేను నిద్రపోలేదు మాస్టారూ. ఆ సంగతి మీద నాకూ అనుమానం వచ్చేలా చేశారు మీరు."

ఆయన క్షమించమ్మా అనబోయాడు. ఆ మాట కూడా ఏదో టెక్నికల్ మాటలాగే వినబడుతుందేమోనని భయమేసి ఆగాడు.

"రండి," అంది ఆమె. "మేడమ్‌కు చెప్పినట్టే మా వీధి కుళాయి దగ్గర చెప్పండి. నేను చెబితే నమ్మరు. ఇంతకాలం నమ్మలేదు కదా. మీరు చెప్పాకే ఏటికి వెళ్తాను."

ఆమె ముందు నడిచింది. ఆయన పనిముట్ల సంచి భుజాన వేసుకొని వెనక నడిచాడు. ఆ సంచి అక్కడ ఎందుకూ పనికిరాదని తెలిసినా, అది లేకపోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎండ బాగానే కాస్తోంది. సందులు తిరిగే కొద్దీ ఇళ్ళు దగ్గరపడ్డాయి. ఒకచోట పిల్లలు ఎండిన బురదను గీకి గుర్రపు బొమ్మ చేస్తున్నారు. ఆమె ఎక్కడా వెనక్కి తిరిగి చూడలేదు. ఆయన ఆగిపోతాడన్న అనుమానమే లేనట్టు నడిచింది.

కుళాయి దగ్గర బిందెలు, బక్కెట్లు, ప్లాస్టిక్ డబ్బాలు వరసగా ఉన్నాయి. వాటి వెనక ఆడవాళ్ళు, ఇద్దరు ముగ్గురు మగవాళ్ళు. ముందు నిలబడ్డ ముసలామె, తెల్లటి జుట్టు ముడి జారి మెడ మీద పడుతోంది. ఆవిడే గట్టక్క అత్తగారని చెప్పనక్కర్లేకపోయింది. కోడలి మొహంలో తీర్పు వెతుకుతోంది. నీళ్ళు సన్నగా, దాదాపు తేటగా వస్తున్నాయి. మాటలు ఆగిపోయాయి. గట్టక్క పక్కకు తప్పుకొని, మాస్టారికి చోటిచ్చింది.

ఆయన ఆ పిలవని సభ ముందు నిలబడ్డాడు. తాను సెట్లు బాగుచేసేవాడినన్నాడు. కుళాయిలో బురద వచ్చింది ఈమె వల్ల కాదన్నాడు. ఈమె పిలిచిందని, వినబడకుండా చేసింది తానని, తెలిసీ దాచానని, దాచి ఈమె చేతనే తప్పు ఒప్పించబోయానని చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆయన చూపు బిందెలోకి జారుతున్న నీటి ధార మీదే ఉంది. గొంతు ఆ ముందరి బిందె దాటి పోలేదు.

ముసలామె చెవి వెనక చెయ్యి పెట్టుకొని ఒక అడుగు ముందుకు వేసింది.

"కాస్త గట్టిగా చెప్పు నాయనా," అంది. "వెనక ఉన్నవాళ్ళకు ఏమీ వినబడలేదు."

ఎవరో చెయ్యి చాపి కుళాయి కట్టేశారు. ఇక చప్పుడు లేదు. మాస్టారు సంచి కిందపెట్టి, తలెత్తి, వరసలో చివరి మనిషి మొహం చూస్తూ, మొదటి నుంచి మళ్ళీ చెప్పాడు.